డావించీ రిజాల్వ్ ఉచిత వెర్షన్: కాలేజీ ఎడిటింగ్ ల్యాబ్‌కి ఎంతవరకు పనికొస్తుంది?

జర్నలిజం, విజువల్ కమ్యూనికేషన్, యానిమేషన్ కోర్సులున్న యూనివర్సిటీల్లో ఎడిటింగ్ ల్యాబ్ మాట రాగానే ఈమధ్య ఎక్కువగా వినిపించే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పేరు డావించీ రిజాల్వ్. అడోబీలాగా నెలనెలా కట్టక్కర్లేదు, వీడియో మీద వాటర్‌మార్క్ పడదు, ముప్పై రోజులకి గడువు తీరిపోదు. ఆస్ట్రేలియా కంపెనీ బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ 2009లో డావించీ సిస్టమ్స్‌ని కొనేసింది. అప్పటిదాకా సినిమా కలర్ గ్రేడింగ్ (రంగులు సరిదిద్దే) స్టూడియోలకే పరిమితమైన సరుకు, ఆ తర్వాత ఉచితంగా అందరికీ దొరికింది. ఉచితం అన్నమాట నిజమే. కానీ దాని వెనక ల్యాబ్ వాళ్లు చేసుకోవాల్సిన పని చాలా ఉంది. ఆ పని చేయకుండా పిల్లల ముందు పెడితే మొదటి నెలంతా "సార్, క్లిప్ రావట్లేదు", "మేడమ్, నా ప్రాజెక్ట్ కనపడట్లేదు" అన్న మాటలతోనే సరిపోతుంది.

తీర్పు ముందే చెప్పేస్తే: పూర్తి సెమిస్టర్, వారానికి కనీసం నాలుగు గంటల ల్యాబ్ ఉన్న కోర్సుకి ఇంతకు మించిన బేరం లేదు. రెండు రోజుల వర్క్‌షాప్‌కి మాత్రం దీన్ని తీసుకెళ్లొద్దు. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లలో అసలు వేయొద్దు.

మిషన్ల సంగతి

20వ వెర్షన్‌కి 16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్, ఎఫెక్టులు చేసే ఫ్యూజన్ పేజీ వాడితే 32 జీబీ, వీటితోపాటు 4 జీబీ సొంత మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు కావాలి. మన కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా ఉండేది ఐ5, 8 జీబీ ర్యామ్, బోర్డు మీదే ఉండే గ్రాఫిక్స్. అందులోనూ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అవుతుంది, తెరుచుకుంటుంది, నాలుగు క్లిప్పులు కత్తిరించడమూ కుదురుతుంది. అక్కడే మోసపోతారు. కలర్ పేజీలో రెండు నోడ్లు (ఒక్కో నోడ్‌లో ఒక్కో రంగు సవరణ) వేసి, ఒక టైటిల్ పెట్టి, ట్రాన్సిషన్ కలిపేసరికి గ్రాఫిక్స్ మెమరీ నిండిపోయిందన్న ఎర్రర్ వచ్చి చేతులెత్తేస్తుంది.

బడ్జెట్ తక్కువైతే ఇరవై నాసిరకం మిషన్ల కన్నా పది మంచివి కొని, ఒక్కో దాని దగ్గర ఇద్దర్ని కూర్చోబెట్టడం మేలు. ఒకరు ఎడిట్ చేస్తుంటే రెండోవాళ్లు షాట్లు చూసి, పనికొచ్చేవి రాసిపెట్టాలి, గంటకోసారి మారాలి. పరిశ్రమలో అసిస్టెంట్ ఎడిటర్ చేసే పని కూడా దాదాపు ఇదే.

ఉన్న మిషన్లతోనే నెట్టుకురావాలంటే రెండు సెట్టింగులు మార్చాలి. ఫోన్లో 4కెలో తీసినా టైమ్‌లైన్ (క్లిప్పులు వరసగా పేర్చే చోటు) రిజల్యూషన్ 1920×1080 పెట్టాలి. ప్లేబ్యాక్ మెనూలో టైమ్‌లైన్ ప్లేబ్యాక్ రిజల్యూషన్‌ని హాఫ్ చేయాలి. అప్పటికీ వీడియో ఆగిఆగి నడుస్తుంటే, దించుకున్న క్లిప్పులుండే మీడియా పూల్లో అన్నిటినీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ మీద 'జెనరేట్ ప్రాక్సీ మీడియా' నొక్కాలి. తేలికపాటి నకళ్లు తయారవుతాయి, ఎడిటింగ్ వాటి మీద నడుస్తుంది, చివర్లో రెండర్, అంటే తుది వీడియో తయారీ, మాత్రం అసలు ఫైళ్ల నుంచే జరుగుతుంది. ఎక్స్‌పోర్ట్ చేసే డెలివర్ పేజీలో 'యూజ్ ప్రాక్సీ మీడియా' అన్న టిక్ పొరపాటున పడితే మాత్రం మసక వీడియో బయటికొస్తుంది. బాగా తీసిన షాట్ మసకగా వచ్చిందని ఎవరైనా అంటే ముందు ఆ టిక్ చూడండి.

ఫ్రేమ్ రేట్ దగ్గరే మొదటి దెబ్బ

కొత్త ప్రాజెక్ట్ తెరవగానే రిజాల్వ్ తనంతట తాను పెట్టుకునే ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకి చూపించే బొమ్మల సంఖ్య, 24. మన విద్యార్థులు తీసేది ఫోన్‌తో, సెకనుకి 30 ఫ్రేముల్లో. మొదటి క్లిప్ మీడియా పూల్లోకి తేగానే 'ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ మార్చమంటారా' అని ఒక చిన్న పెట్టె అడుగుతుంది. చదవకుండా 'వద్దు' నొక్కేస్తారు. ఇక ప్రతి సెకనులో 30 ఫ్రేముల నుంచి ఆరు పోతాయి, అంటే ఐదింటికి ఒకటి. కదలకుండా కూర్చుని మాట్లాడే మనిషి షాట్‌లో అది తెలియదు. కెమెరాని పక్కకి తిప్పిన షాట్‌లో మాత్రం గోడలు, స్తంభాలు గతుక్కుమంటూ కదులుతాయి. చేయి వణికిందనుకుని పాపం మళ్లీ షూట్‌కి వెళ్తారు.

టైమ్‌లైన్‌లోకి ఒక్క క్లిప్ చేరాక ఆ ఫ్రేమ్ రేట్ ఇక మారదు, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఆ గడి బూడిదరంగులోకి పోతుంది. దారి ఒకటుంది: కొత్త టైమ్‌లైన్ తీసుకునేటప్పుడు 'యూజ్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్' టిక్ తీసేసి, ఫార్మాట్ ట్యాబ్‌లో 30 పెట్టి, పాత టైమ్‌లైన్ క్లిప్పులన్నీ కాపీ చేసి అందులో పేస్ట్ చేయాలి. కొన్ని కట్‌లు ఒక ఫ్రేమ్ అటూఇటూ జరుగుతాయి, ఓపికగా సరిచూసుకోవాలి. ఇది లోపం అనేవాళ్లున్నారు. పాఠం చెప్పేవాళ్ల కోణంలో చూస్తే ఇది వరమే. ఫోన్ యాప్‌లు ఏ ఫ్రేమ్ రేట్ ఇచ్చినా నోరెత్తకుండా మింగేస్తాయి, రిజాల్వ్ మాత్రం ఎడిటింగ్ మొదలయ్యే ముందే దాన్ని తేల్చుకోమంటుంది. షూట్‌కి ముందు నలుగురు కెమెరా వాళ్లు కలిసి ఒక మాట అనుకోవాలన్న సంగతి ఆ పెట్టె వల్లే తలకెక్కుతుంది.

ఫోన్ వీడియోలో ఇంకో ఇబ్బంది ఉంది. చాలా ఫోన్ల సొంత కెమెరా యాప్ స్థిరంగా 30 ఫ్రేములు తీయదు. వెలుతురు తగ్గితే తగ్గిస్తుంది, ఫోన్ వేడెక్కితే తగ్గిస్తుంది. రెండు నిమిషాల క్లిప్‌లో ఏమీ తెలియదు. ఇరవై నిమిషాల ఇంటర్వ్యూలో చివరికొచ్చేసరికి పెదాలొకచోట, మాటొకచోట ఉంటాయి. ఇలాంటి ఫైళ్లని రిజాల్వ్‌లోకి తేకముందే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో వేసి, వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ 30, పక్కనే 'కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్', నాణ్యత ఆర్‌ఎఫ్ 18 పెట్టి మార్చుకోవాలి. షూట్ దగ్గరే జాగ్రత్త పడాలంటే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉంది, అదీ ఉచితమే. ఐఫోన్‌కి 2023లో, ఆండ్రాయిడ్‌కి 2024లో వచ్చింది. అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కదు, ల్యాబ్ మొదటి రోజే ఎవరి ఫోన్లో వస్తుందో చూసి జట్లు కట్టాలి. ఫ్రేమ్ రేట్, షట్టర్, వైట్ బ్యాలెన్స్ మూడూ అందులో బిగించేయొచ్చు.

షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడనిచ్చే సమయం) మాట వచ్చింది కాబట్టి: మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైటు, చవక ఎల్‌ఈడీ బల్బు సెకనుకి వందసార్లు హెచ్చుతగ్గులవుతుంటాయి. షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే ప్రతి ఫ్రేముకీ ఒకే మోతాదు వెలుతురు పడుతుంది. ఫోన్ ఆటోలో 1/60 ఎంచుకుంటే ఫ్రేముకో తీరుగా పడి, గోడ మీద నల్లటి చారలు పైకీ కిందకీ పాకుతాయి. క్లాస్‌రూమ్‌లో తీసిన ఇంటర్వ్యూలన్నిటికీ ఉండే జబ్బు ఇదే. రిజాల్వ్‌లో దీన్ని తగ్గించే డీఫ్లికర్ ఎఫెక్ట్ ఉన్నా అది డబ్బులు కట్టే స్టూడియో వెర్షన్‌లో మాత్రమే.

ఐఫోన్ ఉన్నవాళ్లు సెట్టింగ్స్, కెమెరా, రికార్డ్ వీడియోలోకి వెళ్లి హెచ్‌డీఆర్ వీడియో ఆపేయాలి. లేకపోతే టైమ్‌లైన్‌లో రంగులు తేడాగా కనిపిస్తాయి. రంగుల వివరం ఎక్కువుండే అలాంటి 10-బిట్ ఫైళ్లు విండోస్ ఉచిత వెర్షన్‌లో కొన్నిసార్లు శబ్దం మాత్రమే వినిపించి బొమ్మ రాకుండా సతాయిస్తాయి. ఇక వాట్సాప్‌లో మామూలుగా పంపుకున్న వీడియో ఎలాగూ నలిగిపోయి వస్తుంది, పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపుకోమనండి.

ప్రాజెక్ట్ ఎక్కడికి పోయింది?

ఈ సాఫ్ట్‌వేర్‌కి కాలేజీ ల్యాబ్‌తో పొసగని గుణం ఇదొక్కటే, కానీ గట్టిది. అడోబీ ప్రీమియర్‌లో ప్రాజెక్ట్ అంటే మీ ఫోల్డర్‌లో కనిపించే ఒక ఫైలు. రిజాల్వ్‌లో అలా కాదు. ప్రాజెక్టులన్నీ ప్రాజెక్ట్ లైబ్రరీ అనే గూట్లో, మామూలుగా ఆ మిషన్ సీ డ్రైవ్‌లో ఎవరూ చూడని మూల దాక్కుని ఉంటాయి. విద్యార్థి కంట్రోల్-ఎస్ కొడతాడు, క్లిప్పులున్న ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లిపోతాడు. వచ్చేవారం వేరే సీట్లో కూర్చుంటే ప్రాజెక్ట్ ఉండదు. ల్యాబ్‌లో డీప్ ఫ్రీజ్ లాంటిది పెట్టి ఉంటే పాత సీట్లోనే కూర్చున్నా ఉండదు, ఎందుకంటే మిషన్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ సీ డ్రైవ్ మొదటికొచ్చేస్తుంది. నాలుగు వారాల పని పోయాక ఇది తెలుసుకోవడం కన్నా మొదటి గంటలోనే చెప్పడం మంచిది.

చేయాల్సింది ఇది. జట్టుకో ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ, 500 జీబీ చాలు. దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయాలి, విండోస్, మ్యాక్ రెండింట్లో నడుస్తుంది. ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. అందులో ఒక ఫోల్డర్, దానిలో వీడియో, ఆడియో, గ్రాఫిక్స్, లైబ్రరీ, ఎక్స్‌పోర్ట్ అని ఐదు ఫోల్డర్లు. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా. ప్రాజెక్ట్ మేనేజర్‌లో ఎడమవైపు లైబ్రరీల పట్టీ తెరిచి, కొత్త లోకల్ లైబ్రరీని ఆ లైబ్రరీ ఫోల్డర్‌లోనే సృష్టించాలి. ఇక ఏ మిషన్‌కి తగిలించినా అదే లైబ్రరీని కలుపుకుంటే ప్రాజెక్ట్ అక్కడే ఉంటుంది. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఆ డ్రైవ్‌కి అన్ని మిషన్లలో ఒకే అక్షరం ఇస్తే క్లిప్పులు తెగిపోవు. అయినా 'మీడియా ఆఫ్‌లైన్' అని ఎర్ర తెర కనపడితే క్లిప్పులు సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్, 'రీలింక్ సెలెక్టెడ్ క్లిప్స్', ఫోల్డర్ చూపించడం. కంగారుపడి క్లిప్పులు డిలీట్ చేసి మళ్లీ దించుకుంటే అసలుకే ఎసరు, ఎడిట్ మొత్తం ఎగిరిపోతుంది.

ప్రతి ల్యాబ్ చివర ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ప్రాజెక్ట్ చేయించి, ఆ డీఆర్‌పీ ఫైలుని జట్టులో అందరూ మెయిల్ చేసుకోవాలి. చిన్న ఫైలు, ఇందులో ఎడిట్ మాత్రమే ఉంటుంది, వీడియోలు ఉండవు. మార్కుల కోసం సమర్పించేటప్పుడు మాత్రం డీఆర్‌ఏ, అంటే ప్రాజెక్ట్ ఆర్కైవ్ అడగండి, అందులో క్లిప్పులూ కలిసి వస్తాయి. డీఆర్‌పీ ఒక్కటే పంపేసి "సార్, సబ్మిట్ చేశాం" అనే జట్టు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటుంది. ప్రిఫరెన్సెస్‌లో లైవ్ సేవ్‌తోపాటు ప్రాజెక్ట్ బ్యాకప్స్ కూడా వేసి ఉందో లేదో చూసి, పది నిమిషాలకోసారి అని పెట్టండి.

తెలుగు టైటిళ్లు

కంపెనీ చూపించే డెమోల్లో కనపడనిదీ, తెలుగు విద్యార్థికి మొదటిరోజే ఎదురయ్యేదీ ఇది. రిజాల్వ్‌లో మామూలు టెక్స్ట్, టెక్స్ట్ ప్లస్ అని రెండు రకాలున్నాయి. రెండోది ఫ్యూజన్ మీద నడుస్తుంది, కదలికలు ఇవ్వడానికి బాగుంటుంది. రెండింట్లో అక్షరాలు కూర్చే పద్ధతి ఒకటి కాదు, ఫాంటుని బట్టీ వెర్షన్‌ని బట్టీ ఫలితం మారుతుంది. కాబట్టి సెమిస్టర్ మొదలయ్యే ముందు ల్యాబ్‌లో వేయబోయే వెర్షన్‌లో 'స్త్రీ', 'రాష్ట్రం', 'జ్యోత్స్న', 'లక్ష్మి' అన్న నాలుగు మాటలు రెండు రకాల్లోనూ టైప్ చేసి చూడండి. ఒత్తు కిందకి దిగకుండా పొల్లుతో పక్కన నిలబడితే ఆ ఫాంటు, ఆ టెక్స్ట్ రకం కలిపి వాడొద్దు.

ఫాంటు యూనికోడ్‌ది అయి ఉండాలి. డీటీపీ సెంటర్ నుంచి యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైప్ చేసి తెచ్చిన మేటర్ ఇక్కడ పేస్ట్ చేస్తే అర్థంకాని గుర్తులే వస్తాయి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, నోటో సాన్స్ తెలుగు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. శీర్షికలకి రామభద్ర నిండుగా ఉంటుంది, కింద పేరు, హోదా వేసే పట్టీకి మండలి చదవడానికి తేలిక. రెండు లైన్ల టైటిల్ అయితే లైన్ స్పేసింగ్ పెంచడం మరవకండి, ఇంగ్లీషుకి సరిపోయే ఖాళీలో పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద కూర్చుంటాయి. అక్షరాల మధ్య దూరం జోలికి పోవద్దు.

ఏదీ కుదరకపోతే లిబ్రే ఆఫీస్‌లోనో ఇంక్‌స్కేప్‌లోనో టైటిల్ తయారుచేసి, వెనక రంగు లేకుండా 1920×1080 పీఎన్‌జీగా తెచ్చుకుని పై ట్రాక్‌లో పెట్టేయొచ్చు. పారదర్శకత తనంతట తానే పట్టుకుంటుంది. సబ్‌టైటిళ్లకైతే నోట్‌ప్యాడ్‌లో ఎస్‌ఆర్‌టీ ఫైలు రాసుకుని, సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. ఏఎన్‌ఎస్‌ఐలో సేవ్ అయితే తెలుగంతా ప్రశ్నార్థకాలే. దాన్ని దించుకున్నాక సబ్‌టైటిల్ ట్రాక్ స్టైల్‌లో ఫాంటు మార్చాలి. మాట విని తనే సబ్‌టైటిల్ రాసే సౌకర్యం స్టూడియోలోనే ఉంది.

రంగు, శబ్దం

రిజాల్వ్ పుట్టిందే కలర్ కోసం, ఆ పేజీలో వంక పెట్టడానికేమీ లేదు. పిల్లలు మాత్రం నెట్‌లో దొరికిన లట్ (రెడీమేడ్ రంగుల ఫైలు) ఒకటి తెచ్చి అన్ని క్లిప్పుల మీదా పులిమేస్తారు. మొదటి మూడు వారాలు లట్‌లు నిషేధించి, మూడు నోడ్లతో పని చేయించండి: మొదటిది వెలుతురు, రెండోది వైట్ బ్యాలెన్స్, మూడోది మనకి కావాల్సిన రూపు. వెలుతురు కొలిచే వేవ్‌ఫార్మ్ గ్రాఫ్ తెరిచి ఉంచాలి, గీత కింద 0కీ పైన 1023కీ అతుక్కుపోకూడదు. శాచురేషన్ (రంగుల గాఢత) మొదట 50 ఉంటుంది, 60 దాటించే ముందు రంగులు కొలిచే వెక్టర్‌స్కోప్‌లో చర్మపు రంగు గీత దగ్గర ముఖం ఎక్కడుందో చూడాలి.

శబ్దం కోసం ఉన్న ఫెయిర్‌లైట్ పేజీని చాలామంది అధ్యాపకులు తెరవనే తెరవరు, అది తప్పు. విద్యార్థుల వీడియోల్లో సగం చూడబుద్ధి కాకపోవడానికి కారణం బొమ్మ కాదు, సీలింగ్ ఫ్యాన్ చప్పుడు. షూట్‌లో ఫ్యాన్ ఆపి, నోటికి దగ్గరగా కాలర్ మైక్ పెడితే చాలావరకు సరిపోతుంది. మిగిలినదానికి ఈక్వలైజర్‌లో 80 నుంచి 100 హెర్ట్జ్ కింద కోసేసి, ఫెయిర్‌లైట్ ఎఫ్‌ఎక్స్‌లోని నాయిస్ రిడక్షన్‌ని కొద్దిగా వాడొచ్చు. ఎక్కువ వేస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. మాట శిఖరాలు మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య, వెనక సంగీతం దానికి చాలా కింద. ఎడమచెవిలో ఒక్కదాంట్లోనే మాట వస్తుంటే క్లిప్ అట్రిబ్యూట్స్, ఆడియోలో స్టీరియోని మోనో చేసి, పని చేస్తున్న ఛానెల్‌ని ఎంచుకోవడమే.

ఫ్యూజన్‌ని మొదటి సెమిస్టర్‌లో ముట్టుకోవద్దు. అది వేరే సబ్జెక్టు.

డబ్బు పెట్టాలా?

స్టూడియో వెర్షన్ ధర 295 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు. ఒక కీతో రెండు మిషన్లలో వాడుకోవచ్చు. వీడియోలో గింజలు తగ్గించే నాయిస్ రిడక్షన్, మనిషినో వస్తువునో విడదీసి పట్టే మ్యాజిక్ మాస్క్, మాటని చప్పుడు నుంచి వేరుచేసే వాయిస్ ఐసొలేషన్, పైన చెప్పిన డీఫ్లికర్ అందులో వస్తాయి. ఉచిత వెర్షన్‌లో వీటిలో కొన్ని జాబితాలో కనిపిస్తాయి, వేస్తే బొమ్మ మీద వాటర్‌మార్క్ పడుతుంది, గడువు రోజు రాత్రి ఆ సంగతి బయటపడుతుంది. 60 ఫ్రేముల వరకు 4కె అల్ట్రా హెచ్‌డీ ఎక్స్‌పోర్ట్ ఉచితంలోనే ఉంది కాబట్టి క్లాసు పనికి అంతకు మించి అక్కర్లేదు. ల్యాబ్‌కి ఒకటో రెండో స్టూడియో మిషన్లు పెట్టుకుంటే చివరి ఏడాది ప్రాజెక్టులకి చాలు. కొనే ముందు స్టోర్‌రూమ్ చూడండి: డిపార్ట్‌మెంట్ ఎప్పుడైనా బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ సినిమా కెమెరా కొని ఉంటే దాంతోపాటు స్టూడియో లైసెన్స్ ఇచ్చి ఉంటారు, ఆ కార్డు పెట్టెలోనే పడి ఉండొచ్చు.

ఉబుంటు ల్యాబ్ ఉన్నవాళ్లు ఆశపడేముందు ఒక్క ఫోన్ క్లిప్ వేసి చూడాలి. లైనక్స్ ఉచిత వెర్షన్‌లో హెచ్.264 ఫార్మాట్ వీడియోతో ఇబ్బంది, ఏఏసీ ఆడియోతోనూ ఇబ్బందే. ప్రతి ఫైలునీ ముందే మార్చుకోవాల్సి వస్తుంది. అలాంటిచోట, 8 జీబీ మిషన్లున్నచోట ఉచిత ఎడిటర్లైన కేడెన్‌లైవ్ గానీ షాట్‌కట్ గానీ వేసి నేర్పండి. కట్, ట్రిమ్, ఆడియో లెవెల్స్ నేర్చుకోవడానికి అవి చాలు, రిజాల్వ్‌కి తర్వాత మారడం కష్టం కాదు.

ఎక్స్‌పోర్ట్ దగ్గర ఒకటే హెచ్చరిక. డెలివర్‌లో ఎంపీ4, హెచ్.264 ఎంచుకుని, నాణ్యతని ఆటోమేటిక్‌లో వదిలేస్తే ఐదు నిమిషాల వీడియో కూడా భారీ ఫైలై కూర్చుంటుంది, కాలేజీ వైఫైలో ఎక్కదు. 'రిస్ట్రిక్ట్ టు' దగ్గర 10,000 (కేబీపీఎస్, అంటే 10 ఎంబీపీఎస్) పెడితే నిమిషానికి దాదాపు 75 ఎంబీ. 30 ఫ్రేముల 1080కి యూట్యూబ్ అడిగేది 8 ఎంబీపీఎస్సే.

చివరిగా వెర్షన్ సంగతి. కొత్త వెర్షన్‌లో ఒకసారి తెరిచి సేవ్ చేసిన ప్రాజెక్ట్ పాతదాంట్లో తెరుచుకోదు. ఎవరో ఒక విద్యార్థి ఇంట్లో ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్ నొక్కితే ఆ జట్టు మొత్తం ల్యాబ్ బయట నిలబడాల్సిందే. సెమిస్టర్ మొదటిరోజు ఒకే ఇన్‌స్టాలర్ ఫైలుని అందరి డ్రైవ్‌ల్లోకీ కాపీ చేసి ఇచ్చి, ఆ వెర్షన్ నంబరుని చుక్క తర్వాతి అంకెతో సహా బోర్డు మీద రాసి, పరీక్షలు అయ్యేదాకా తుడపకుండా ఉంచండి.